ఓవెన్ లేని ఇంట్లో క్రిస్మస్ తీపి: మూడు రాత్రుల్లో నాలుగు రకాలు

ఓవెన్ అక్కర్లేని తీపి అనగానే పది నిమిషాల పనేగా అనుకుని 24వ తేదీ సాయంత్రం మొదలుపెట్టేవాళ్లు చాలామంది. చేతిపని తక్కువే, నిజం. కానీ ఓవెన్ చేయాల్సిన పని ఇక్కడ ఫ్రిజ్ చేస్తుంది, దానికి గంటలు పడుతుంది. ఆ గంటలు ఇంటిల్లిపాదీ నిద్రపోయే వేళలో గడిచేలా చూసుకుంటే ఆఫీసు, పిల్లల బడి, క్యారల్స్, చర్చి పనుల మధ్య కూడా ఇవన్నీ హాయిగా అయిపోతాయి.

కింది నాలుగు రకాల్లో గుడ్డు కలిపే పని లేదు. కొలతలు పాతిక, ముప్పై మందికి తలా రెండు మూడు ముక్కలు వచ్చేలా ఉన్నాయి.

## 1. ఏ రోజు ఏది

ఎక్కువ రోజులు నిలిచేది ముందు, త్వరగా పాడయ్యేది చివర. ఈ వరుస మార్చకండి.

- డిసెంబర్ 20: సరుకులు కొనడం, డబ్బాలు కడిగి పూర్తిగా ఆరబెట్టడం
- 21 రాత్రి: డ్రైఫ్రూట్స్ చాక్లెట్ పలకలు (40 నిమిషాలు)
- 22 రాత్రి: చాక్లెట్ బిస్కెట్ రోల్ (30 నిమిషాలు, ఆపైన రాత్రంతా ఫ్రిజ్‌లో)
- 23 రాత్రి: బిస్కెట్ ఉండలు, కొబ్బరి ఉండలు (రెండూ కలిపి గంట)
- 24 మధ్యాహ్నం: రోల్ కోయడం, పొట్లాలు కట్టడం (30 నిమిషాలు)

మీ చర్చి క్యారల్స్ బృందం అంతకు ముందే మీ వీధికి వస్తుందని తెలిస్తే పలకలు, రోల్ ఇంకో వారం ముందుకు జరపండి. ఆ రెండూ ఆగుతాయి. కొబ్బరి ఉండలు మాత్రం ముందే చేసి పెట్టకండి.

నాలుగూ చేసే ఓపిక లేకపోతే పలకలు, కొబ్బరి ఉండలు చాలు. చూపుకు నిండుగా ఉంటాయి, శ్రమ తక్కువ.

## 2. సరుకుల చిట్టా

- డార్క్ కాంపౌండ్ చాక్లెట్: 400 గ్రాములు
- వైట్ కాంపౌండ్ చాక్లెట్: 100 గ్రాములు
- మారీ బిస్కెట్లు: 400 గ్రాములు
- కండెన్స్‌డ్ మిల్క్: 400 గ్రాముల టిన్ను ఒకటి
- డెసికేటెడ్ కొబ్బరి పొడి: 200 గ్రాములు
- తీపి కలపని కోకో పొడి: 55 గ్రాములు
- ఉప్పు లేని వెన్న: 100 గ్రాములు
- పంచదార పొడి: 80 గ్రాములు, పైన చల్లడానికి మరి కాస్త
- జీడిపప్పు, బాదం కలిపి: 180 గ్రాములు
- ఎండుద్రాక్ష: 40 గ్రాములు
- ఎరుపు, ఆకుపచ్చ టూటీఫ్రూటీ: 40 గ్రాములు
- కమలాపండు ఒకటి, పాలు 60 మిల్లీలీటర్లు, పాలపొడి చిన్న ప్యాకెట్టు
- బటర్ పేపర్

కాంపౌండ్ ఎందుకు? కోకో బటర్‌తో చేసిన అసలు చాక్లెట్‌ని కరిగించి మళ్లీ గట్టిపడేలా చేయాలంటే దాని వేడిని డిగ్రీల లెక్కన తగ్గించి, పెంచి చూసుకోవాలి. దాన్నే టెంపరింగ్ అంటారు. అది చేయకపోతే పైన బూడిదరంగు చారలు వస్తాయి, చేతికి అంటుకుంటుంది. కాంపౌండ్‌లో కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు. రుచిలో అసలు చాక్లెట్‌దే పైచేయి, కాదనలేం. కానీ రాత్రి తొమ్మిదింటికి పిల్లల హోంవర్క్ ముగించి వంటింట్లోకి వచ్చినవాళ్లకి కాంపౌండే సులువు.

పిల్లలు తినే మిల్క్ చాక్లెట్ బార్లు కొని కరిగించకండి. కరిగాక చిక్కగా మారతాయి, మెత్తగానే ఉండిపోతాయి. చాక్లెట్ చిప్స్ కూడా వద్దు. వేడిలోనూ ఆకారం నిలిచేలా తయారు చేస్తారు కనుక పలచగా కరగవు.

మార్చుకోదగినవి: ఉప్పు ఉన్న వెన్నే ఇంట్లో ఉంటే అదే వాడండి, విడిగా ఉప్పు వేయకండి. వెన్న బదులు నెయ్యి వేస్తే 80 గ్రాములు చాలు, ఎందుకంటే వెన్నలో కొంత భాగం నీరే. నెయ్యి వాసన పైకి తెలుస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

మార్చకూడనివి: డెసికేటెడ్ పొడి బదులు ఇంట్లో చాలాకాలంగా ఉన్న ఎండు కొబ్బరి చిప్పలు తురమకండి. వాటికి ముక్కిన వాసన వస్తే ఎంత తీపి కలిపినా పోదు. చిక్కదనం కోసం పచ్చి మైదా అసలే కలపొద్దు. ఉడకని పిండి తింటే కడుపు చెడుతుంది, పిల్లలకు మరీ ప్రమాదం.

## 3. మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు

- గిన్నెలు, గరిటెలు, ట్రే పొడిబట్టతో తుడిచారా?
- ఫ్రిజ్‌లో ట్రే సమతలంగా పట్టే చోటు ఖాళీ చేశారా?
- పప్పులు వేయించి చల్లార్చారా?
- సరుకులన్నీ తూచి పక్కన పెట్టుకున్నారా?

నాలుగో ప్రశ్నను దాటేయకండి. వంటింటి త్రాసు ఉంటే గ్రాముల్లోనే తూచండి. లేకపోతే 240 మిల్లీలీటర్ల కప్పుతో కొబ్బరి పొడి 80 నుంచి 90 గ్రాములు, పంచదార పొడి సుమారు 120 గ్రాములు వస్తాయి. కోకో పొడి ఒక టేబుల్‌స్పూన్ ఏడు గ్రాముల దాకా తూగుతుంది.

జీడిపప్పు, బాదం మూకుట్లో సన్నసెగ మీద ఐదారు నిమిషాలు వేయించండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పప్పులు అలాగే చాక్లెట్‌లో వేయకూడదు. వాటి మీద కంటికి కనబడని చెమ్మ పడుతుంది, ఆ చెమ్మే చాక్లెట్‌కి శత్రువు.

## 4. చాక్లెట్ కరిగించడం

వంట చెడిందంటే నూటికి తొంభై సార్లు ఇక్కడే చెడుతుంది. అందుకే కాస్త నిదానంగా చదవండి.

ముందుగా చాక్లెట్‌ని కందిగింజంత ముక్కలుగా తరగండి. పెద్ద ముక్కలు వేస్తే బయటి భాగం మాడే వేళకి లోపల ఇంకా గట్టిగానే ఉంటుంది.

పొయ్యి మీద:

1. గిన్నెలో రెండంగుళాల నీళ్లు మరిగించండి.
2. పొయ్యి ఆపేయండి. అవును, ఆపాకే పై గిన్నె పెట్టాలి.
3. పై గిన్నె అడుగు నీటికి తగలకూడదు. కింది గిన్నె అంచు మీద బిగుతుగా కూర్చుంటే ఆవిరి పక్కల నుంచి పైకి రాదు.
4. రెండు నిమిషాలు కదపకండి. తర్వాత సిలికాన్ గరిటెతో నెమ్మదిగా తిప్పండి.
5. ముప్పావు వంతు కరగగానే పై గిన్నె దించి, దాని అడుగు తుడిచి, మిగతాది ఆ వేడితోనే కరిగేదాకా తిప్పండి.

మైక్రోవేవ్‌లో: సగం పవర్ మీద 30 సెకన్లు పెట్టి, తీసి, తిప్పి, మళ్లీ 30 సెకన్లు. 400 గ్రాములకి నాలుగైదు సార్లు పట్టొచ్చు. ముక్క ఆకారం అలాగే ఉన్నా లోపల కరిగి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ తిప్పి చూడాలి. ఒకేసారి రెండు నిమిషాలు పెడితే మధ్యలో మాడిపోతుంది.

వైట్ కాంపౌండ్ డార్క్ కంటే త్వరగా మాడుతుంది. దానికి 15 సెకన్ల చొప్పున చాలు.

చెక్క గరిటె వద్దు. ఎంత ఆరబెట్టినా చెక్కలో తేమ మిగులుతుంది. గిన్నె మీద మూత కూడా పెట్టొద్దు. మూతకి పట్టిన ఆవిరి చుక్కలై చాక్లెట్‌లో పడుతుంది.

ఒక్కసారిగా గట్టి ముద్దయితే: నీటిచుక్క పడిందన్నమాట. చాక్లెట్‌లోని పంచదార, కోకో ఆ కొద్దిపాటి నీటిని పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. అది ఇక పలకలకి పనికిరాదు. పారేయకండి. వేడి పాలు ఒక్కో టేబుల్‌స్పూన్ పోస్తూ బాగా కలపండి, మళ్లీ నున్నగా అవుతుంది. దాన్ని బిస్కెట్ ఉండల్లో కలుపుకుని, ఆ మేరకు కండెన్స్‌డ్ మిల్క్ తగ్గించండి.

మాడు వాసన వస్తే: దాన్ని దిద్దలేం. పారేసి కొత్తది తీసుకోండి. మాడిన చాక్లెట్‌ని కప్పిపెట్టాలని పప్పులు కలిపితే ఆ పప్పులు కూడా వృథా.

## 5. డ్రైఫ్రూట్స్ చాక్లెట్ పలకలు

ఇంగ్లీషులో బార్క్ అనే ఈ రకానికి నేర్పు పెద్దగా అక్కర్లేదు. వేగం కావాలి.

డార్క్ 400 గ్రాములు, వైట్ 100 గ్రాములు, వేయించిన పప్పులు 80 గ్రాములు, టూటీఫ్రూటీ 40 గ్రాములు.

1. టూటీఫ్రూటీని టిష్యూ కాగితం మీద పరిచి జిగురు, తడి పీల్చుకోనివ్వండి. డబ్బాలోని పాకం చెర్రీలు వాడాలనుకుంటే కడిగి, కోసి, పొద్దుటి నుంచీ ఆరబెట్టాల్సిందే.
2. 30 × 25 సెంటీమీటర్ల ట్రేలో బటర్ పేపర్ పరవండి. అంచులు బయటికి ఉండాలి, తర్వాత పట్టి లేపడానికి.
3. డార్క్ కరిగించి పోసి, అట్లకాడతో నాలుగైదు మిల్లీమీటర్ల మందాన సర్దండి. ట్రేని గట్టు మీద రెండుసార్లు తట్టండి, గాలి బుడగలు పోతాయి.
4. డార్క్ ఇంకా ద్రవంగా ఉండగానే కరిగిన వైట్‌ని చెంచాతో గీతలుగా జార్చి, టూత్‌పిక్‌తో అడ్డంగా లాగండి.
5. వెంటనే పప్పులు, టూటీఫ్రూటీ చల్లి, అరచేత్తో మెల్లగా అదమండి. రెండు మూడు నిమిషాలు దాటితే అవి అంటుకోవు, విరిచేటప్పుడు రాలిపోతాయి.
6. పావుగంట బయట ఉంచి, తర్వాత ఫ్రిజ్‌లో 20 నిమిషాలు పెట్టండి.
7. బయటికి తీసి చేత్తో విరవండి. కత్తితో సమంగా కోయాలని చూడకండి. వంకర ముక్కలే దీనికి అందం.

డార్క్ గట్టిపడ్డాక వైట్ పోస్తే ఆ రెండు పొరలూ అతకవు. విరిస్తే పెచ్చులుగా ఊడిపోతాయి. వైట్ ముందే కరిగించి గోరువెచ్చటి నీళ్ల గిన్నె మీద సిద్ధంగా ఉంచుకోవడం ఇందుకే.

పప్పులు పడనివాళ్లు ఇంట్లో ఉంటే మరమరాలు వాడండి. వాటిని కరకరలాడేలా వేయించి, చల్లార్చి, 60 గ్రాములు చల్లండి. రాయలసీమలో బొరుగులంటారు, అవే. ప్యాకెట్టు విప్పి మెత్తబడ్డవి అలాగే వేస్తే పలక కింద తోలులా సాగుతాయి.

## 6. చాక్లెట్ బిస్కెట్ రోల్

మారీ బిస్కెట్లు 200 గ్రాములు, వెన్న 100 గ్రాములు, పంచదార పొడి 80 గ్రాములు, కోకో 30 గ్రాములు, పాలు 60 మిల్లీలీటర్లు, వేయించి తరిగిన పప్పులు 50 గ్రాములు. రెండు రోల్స్ వస్తాయి, కోస్తే 35 ముక్కల దాకా.

1. బిస్కెట్లను చేత్తో బొటనవేలి గోరంత ముక్కలుగా విరవండి. జల్లెడలో వేసి పొడిని వేరు చేసి, బిస్కెట్ ఉండల కోసం దాచండి. ఆ పొడి ఇందులో ఉంటే తడంతా పీల్చుకుని రోల్‌ని కేకులా పిండిపిండిగా చేస్తుంది.
2. పాలు, పంచదార పొడి, జల్లించిన కోకో ఉండ కట్టకుండా కలిపి సన్నసెగ మీద పెట్టండి. పొగలు రాగానే వెన్న వేసి, మెరిసేదాకా రెండు మూడు నిమిషాలు తిప్పండి. మరగనివ్వకండి.
3. దించి చల్లార్చండి. వేలు పెడితే గోరువెచ్చగా తగలాలి. పావుగంట పడుతుంది.
4. బిస్కెట్ ముక్కలు, పప్పులు వేసి, అట్లకాడతో కింది నుంచి పైకి తిప్పుతూ కలపండి. ముక్కలు నలగకూడదు.
5. సగం మిశ్రమాన్ని బటర్ పేపర్ మీద 20 సెంటీమీటర్ల పొడవున పెట్టి, కాగితం చుట్టి, నాలుగు సెంటీమీటర్ల లావున బిగించండి. రెండు కొనలూ చాక్లెట్ రేపర్‌లా మెలితిప్పండి. రెండోదీ ఇంతే.
6. ఫ్రిజ్‌లో 40 నిమిషాలు ఉంచాక తీసి గట్టు మీద అటూ ఇటూ దొర్లించండి. లేకపోతే కింది వైపు బల్లపరుపుగా గట్టిపడుతుంది. మళ్లీ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఎంత తొందరైనా నాలుగు గంటలకు తగ్గొద్దు.

తొందరపాటు ఎక్కువగా మూడో అడుగులో జరుగుతుంది. వేడి మిశ్రమంలో బిస్కెట్లు వేస్తే మెత్తబడి, కోసినప్పుడు లోపల ఆ తెల్లటి చుక్కలే కనబడవు. రోల్ సొగసంతా ఆ చుక్కల్లోనే ఉంది.

కాగుతుండగా వెన్న నూనెలా విడిపోయి పైకి తేలితే సెగ ఎక్కువైందని అర్థం. దించి, గోరువెచ్చటి పాలు ఒక టేబుల్‌స్పూన్ పోసి గట్టిగా గిలకొట్టండి, కలిసిపోతుంది.

కోసేటప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసి ఐదారు నిమిషాలు ఆగండి. పైన పంచదార పొడి చల్లి అరచేత్తో రుద్దండి. పళ్లున్న కత్తిని వేడినీళ్లలో ముంచి, తుడిచి, సెంటీమీటర్ మందాన కోయండి. నాలుగైదు ముక్కలకోసారి కత్తి మళ్లీ ముంచాలి. ముక్కలు పొడిపొడిగా రాలుతుంటే రోల్ మరీ చల్లగా ఉందని తెలుసుకుని ఇంకాస్త ఆగండి.

## 7. ఒక్క టిన్నుతో రెండు రకాల ఉండలు

కండెన్స్‌డ్ మిల్క్ టిన్ను తెరిచి రెండు గిన్నెల్లోకి సగం సగం తూచండి. టిన్ను 400 కంటే కొన్ని గ్రాములు తక్కువున్నా నష్టం లేదు.

బిస్కెట్ ఉండలు (రమ్ లేని రమ్ బాల్స్)

మారీ బిస్కెట్ పొడి 200 గ్రాములు (రోల్ దగ్గర దాచిన పొడి కూడా ఈ లెక్కలోకే), కోకో 25 గ్రాములు, కండెన్స్‌డ్ మిల్క్ 200 గ్రాములు, సన్నగా తరిగిన పప్పులు 50 గ్రాములు, ఎండుద్రాక్ష 40 గ్రాములు.

ఎండుద్రాక్షని కమలాపండు రసంలో రెండు గంటలు నానబెట్టి, పిండి, గుడ్డతో అద్దండి. పండు తొక్క మీది నారింజరంగు పొర మాత్రం అరచెంచా తురిమి కలపండి. కింది తెల్లపొర చేదు. బేకరీ రమ్ బాల్స్‌లో రమ్ ఇచ్చే ఘాటుకి బదులు ఇది మంచి పరిమళం ఇస్తుంది, పిల్లలకు నిశ్చింతగా పెట్టొచ్చు.

పొడివన్నీ ముందు కలిపి, కండెన్స్‌డ్ మిల్క్ మూడు విడతలుగా వేయండి. ముద్దయ్యాక పావుగంట మూతపెట్టి ఉంచి, నెయ్యి రాసుకున్న చేతులతో పెద్ద ఉసిరికాయంత ఉండలు చుట్టండి. 25 పైనే వస్తాయి. పైన కోకో పొడిలో దొర్లించవచ్చు, చల్లే రంగు గుళికలు ఉంటే అవీ బాగుంటాయి.

కొబ్బరి ఉండలు

కొబ్బరి పొడి 170 గ్రాములు, కండెన్స్‌డ్ మిల్క్ 200 గ్రాములు, పావు చెంచా యాలకుల పొడి కలిపి 20 నిమిషాలు పక్కన పెట్టండి. కొబ్బరి ఆ తడి పీల్చుకుంటుంది. ఉండలు చుట్టి, మిగిలిన 30 గ్రాముల పొడిలో దొర్లించండి. 22 నుంచి 24 వస్తాయి. అంతే.

మొదట్లో జిగటగా అనిపించగానే కొబ్బరి పొడి గుప్పిళ్లతో కలిపేయకండి, ఆ 20 నిమిషాలు ఆగండి. అప్పటికీ చేతికంటితే పాలపొడి ఒక్కో టేబుల్‌స్పూన్ చొప్పున వేయండి. పొడిగా విడిపోతుంటే కండెన్స్‌డ్ మిల్క్ ఒక చెంచా వేయాలి, పాలు కాదు. పాలు పోస్తే త్వరగా పులుస్తాయి.

ఉండలు రెండు రకాలూ ఒకే డబ్బాలో పెట్టొద్దు. తెల్లారేసరికి కొబ్బరి ఉండలకి కోకో మరకలు పడతాయి.

## 8. పిల్లలకు ఏ పని అప్పగించాలి

మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకి: మందపాటి కవర్లో బిస్కెట్లు వేసి, మూతి బిగించి, చపాతీ కర్రతో కొట్టించండి. కొబ్బరి పొడిలో ఉండలు దొర్లించడమూ వాళ్లకి నచ్చుతుంది.

ఆరు దాటినవాళ్లు ఉండలు చుట్టగలరు, పలకల మీద పప్పులు చల్లగలరు, తూకం చదవగలరు.

పొయ్యి, కరిగిన చాక్లెట్, కత్తి పెద్దవాళ్లవే. కరిగిన చాక్లెట్ చర్మానికి అతుక్కుని కాలుస్తుంది, తుడిచేలోపు బొబ్బ లేస్తుంది.

ఐదేళ్లలోపు పిల్లలకు గుండు పప్పులు గొంతుకు అడ్డం పడొచ్చు. వాళ్లు తినేవాటిలో పొడి చేసిన పప్పే వేయండి.

## 9. నిల్వ

- పలకలు: గాలి చొరని డబ్బాలో, చల్లని అరలో రెండు వారాలు
- రోల్: కోయకుండా ఫ్రిజ్‌లో పది రోజులు, ఫ్రీజర్‌లో నెల
- బిస్కెట్ ఉండలు: ఫ్రిజ్‌లో వారం
- కొబ్బరి ఉండలు: ఫ్రిజ్‌లో ఐదారు రోజులు

హైదరాబాద్, ఆదిలాబాద్ వైపు డిసెంబర్ చలికి పలకలు బయటే బాగుంటాయి. విజయవాడ, కాకినాడ లాంటి చోట్ల మధ్యాహ్నం ఇంకా వెచ్చగా ఉంటుంది, గాలిలో తేమ కూడా ఎక్కువ. అక్కడ ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే ఒక జాగ్రత్త: బయటికి తీశాక అరగంట దాకా డబ్బా మూత తీయకండి. చల్లటి చాక్లెట్‌కి తేమగాలి తగిలితే చెమట పడుతుంది. అది ఆరాక పైన తెల్లటి గరుకు పొర మిగులుతుంది. తినడానికి ప్రమాదం లేదు, చూపుకే బాగోదు.

చాక్లెట్, వెన్న పక్కనున్న వాసనల్ని లాగేసుకుంటాయి. అల్లంవెల్లుల్లి ముద్ద, చేపల పులుసు ఉన్న అరలో వీటిని పెట్టకండి. వేరే చోటు లేకపోతే డబ్బాని ఇంకో కవర్లో చుట్టండి.

## 10. 24వ తేదీ మధ్యాహ్నం

- రోల్ కోసి, ముక్కల వరుసల మధ్య బటర్ పేపర్ పరవండి
- ఉండల్ని చిన్న కాగితపు కప్పుల్లో పెట్టండి
- ఒక్కో పొట్లంలో రెండు పలకలు, ఒక రోల్ ముక్క, ఒక్కో రకం ఉండ ఒకటి వేయండి
- పలకల్ని వేరే కాగితంలో చుట్టాకే ఉండల పక్కన పెట్టండి, లేకపోతే ఉండల తడికి మెత్తబడతాయి
- పప్పులున్న పొట్లాలకి ఎర్ర దారం, లేనివాటికి తెల్ల దారం కట్టండి, ఇంటికొచ్చిన పిల్లలకి ఏదైనా పడదేమో అడిగాకే చేతికివ్వండి
- కట్టిన పొట్లాలు అర్ధరాత్రి ఆరాధనకి బయల్దేరేదాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి

ఇంకా కాంపౌండ్ మిగిలితే రేకు కాగితంలో చుట్టి, పొడి డబ్బాలో వేసి, పొయ్యికి దూరంగా ఉన్న అరలో పెట్టండి. కొత్త సంవత్సరానికి ఇంకో ట్రే పలకలు పోసుకోవచ్చు.